దిమ్మిస కొట్టిన కొత్తిమీర మడి

మా మావగారు రైల్వేలో లైను ఇన్‌స్పెక్టరు. పట్టాలు సరిగ్గా ఉన్నాయా, కంకర జారిందా, పట్టాల మధ్య గడ్డి మొలిచిందా అని ట్రాలీ మీద తిరిగి చూడటం ఆయన ఉద్యోగం. పిల్లల చదువుల కోసం అత్తగారు విజయనగరంలో కాపురం ఉంటే, ఆయన ఎక్కడ లైను ఉంటే అక్కడ క్వార్టర్సులో ఉండేవారు. ఆఖరి కొన్నేళ్ళూ కొత్తవలస నుంచి కొండల్లోకి కొత్త లైను పడుతుంటే ఆ పనిలోనే గడిపి, అక్కడే రిటైరై, ఒక వేసవిలో ట్రంకు పెట్టెతో, పట్టాల మట్టం చూసే రసమట్టంతో ఇంటికి వచ్చేశారు. నాకు పెళ్ళై ఆ ఇంట్లో అడుగుపెట్టి అప్పటికి ఏడాది కూడా కాలేదు. అందుచేత ఆ ఇంటికి నేనెంత కొత్తో ఆయనా అంతే కొత్త. తేడా ఏమిటంటే, కొత్తకోడలు గనక నేను నోరు మూసుకుని ఉండేదాన్ని. ఆయనకి ఆ ఇబ్బంది లేదు.

రిటైరైన మనిషి విశ్రాంతి తీసుకుంటాడని మేమంతా అనుకున్నాం. మావగారు ఇంటిని తనిఖీ చేయటం మొదలుపెట్టారు. వంటింటి గచ్చు వాలు తప్పుగా ఉందన్నారు. నూతి గిలకకి నూనె లేదన్నారు. తలుపులన్నీ తీసి మూసి, ఏది ఎంత కిర్రుమంటోందో మాకు వినిపించారు. ఆ తరవాత వంటింట్లోకి వచ్చి పొయ్యి పక్కన నిలబడటం అలవాటు చేసుకున్నారు. పప్పు ఉడికాక ఉప్పు వెయ్యటం ఎందుకు, ముందే వేస్తే ఏం, కట్టెలు ఇటు నుంచే ఎందుకు పెట్టాలి, అటు నుంచి పెడితే ఏం అని అడిగేవారు. తప్పు పట్టాలని కాదు పాపం, తెలుసుకోవాలనే. అయితే ఆయన తెలుసుకునేలోపల పప్పు అడుగంటేది.

అత్తగారు నెమ్మదైన మనిషి. గొంతు పెంచి మాట్లాడగా నేను వినలేదు. ఆవిడ ఒకరోజు గరిటె పక్కన పెట్టి, చాలా మర్యాదగా అంది.

"ఏవండీ, నాను ఇన్నేళ్ళై వండుతన్నాను. ఇప్పుడు మీరొచ్చి పొయ్యికి పచ్చజెండా ఊపక్కర్లేదు."

మావగారు ఆ పూట వీధి అరుగు మీద కూర్చున్నారు. మర్నాడు మళ్ళీ పొయ్యి దగ్గరే ఉన్నారు.

ఇక మాటలతో పని జరగదని అత్తగారికి తెలిసిపోయింది. ఒక ఉదయం కాఫీ గ్లాసు అందిస్తూ, బజారులో కొత్తిమీర మరీ వాడిపోయింది తెస్తున్నారని, పెరడు ఊరికే పడి ఉందని, నాలుగు మళ్ళు చేసి కొత్తిమీరా మెంతికూరా వేసుకుంటే ఇంటికి సరిపోతుందని, కానీ ఆ పని చక్కగా చేయించగల మనిషి ఈ ఊళ్ళో దొరకడని గాలిలోకి అన్నట్టు అంది. మావగారు గ్లాసు కింద పెట్టేశారు. ఆ చక్కదనం ఏమిటో ఊరికి చూపించాలనిపించింది ఆయనకి. నూతి దగ్గర అత్తగారు నాతో మెల్లిగా చెప్పింది, ఆయన పెరట్లో ఉంటే నా వంటిల్లు నాకుంటాది అని.

తొలకరి పడగానే పని మొదలైంది. ముందు నన్ను పిలిచారు. మాది సాలూరు గనక మట్టి సంగతి నాకు తెలిసి ఉంటుందని మావగారి నమ్మకం. మా నాన్నవి లారీలు. నేను పుట్టి పెరిగింది లారీ షెడ్డు పక్కన. గ్రీజు మరక బట్టకి అంటితే ఎలా వదలగొట్టాలో నాకు తెలుసు గాని, మట్టి గురించి తెలిసింది అది కాళ్ళకి అంటుకుంటుందని మాత్రమే. ఆ ముక్క చెప్పటానికి మొహమాటపడి, ఆయన ఏమడిగినా బాగుందండీ అంటూ వచ్చాను.

పెరట్లో మేకులు దిగాయి. తాళ్ళు లాగారు. నూతి పక్కనుంచి గోడ దాకా నాలుగు మళ్ళు, మధ్యలో నడవటానికి బాట, ఎక్కడా వంకర లేదు. గునపంతో తవ్వి, రాళ్ళేరి, పెంకులేరి, ఒక బండెడు గత్తం తెప్పించి పరిచారు. బాగా మాగిన పశువుల ఎరువు అది, నల్లగా పొడిపొడిగా ఉంది. దాన్ని మట్టిలో కలపాలని ఆయనకి తోచలేదు. కంకర పరిచినట్టు ఒకే మందంలో పరిచి, పైన మళ్ళీ మట్టి పరిచి, ఆ మట్టి మీద రసమట్టం పెట్టి చూశారు. గాజు గొట్టంలో బుడగ సరిగ్గా నడిమధ్యకి వచ్చి నిలబడింది. మమ్మల్నందరినీ పిలిచి ఆ బుడగ చూపించారు.

అక్కడితో ఆగినా బాగుండేది. ఆయన దగ్గర ఏళ్ళ తరబడి పనిచేసిన గ్యాంగు మేస్త్రీ అరటిపళ్ళ అత్తంతో ఆయన్ని చూడటానికి వచ్చాడు. బాబుగారు మోకాళ్ళ మీద మట్టిలో ఉండటం చూసి అతని ప్రాణం ఉసూరుమంది. మర్నాడు ఇద్దరు మనుషులతో, ఒక దిమ్మిసతో వచ్చాడు. రైలుకట్టల మీద మట్టి గట్టిపడటానికి కొట్టే బరువైన ఇనప దిమ్మిస. ముగ్గురూ కలిసి, పాట అందుకుని, మా కొత్తిమీర మళ్ళని మధ్యాహ్నం దాకా కొట్టారు. వంటింట్లో గిన్నెలు గణగణలాడాయి. పని అయ్యాక మేస్త్రీ మడి మీద కాలు ఆనించి నొక్కి చూసి, చెమట తుడుచుకున్నాడు.

"బాబూ, దీని మీద గూడ్సుబండి తోల్నా దిగబడదు."

మావగారి ముఖం వెలిగిపోయింది. నా వైపు తిరిగి ఎలా ఉందమ్మా అని అడిగారు. మా లారీ షెడ్డు నేల కూడా అచ్చం అలాగే ఉండేది గనక, ఈసారి కొంచెం అనుభవంతోనే, బాగుందండీ అన్నాను.

ధనియాలు చల్లేటప్పుడు అత్తగారు ఒక మాట అంది. ధనియాన్ని చెప్పుకింద నలిపి రెండు బద్దలు చేసి వేస్తారట, మా పుట్టింట్లో చూశాను అంది. సామాను పగలగొట్టి వాడటం ఏమిటని మావగారు ఒప్పుకోలేదు. తాడు లాగి, గింజ గింజకీ ఎడం చూసి, నిండు ధనియాలు వరసగా పెట్టించారు. నీళ్ళు పోశారు. ఆ నీళ్ళు ఇంకలేదు. పళ్ళెంలో పోసినట్టు మడి మీద నిలబడిపోయాయి. ధనియాలు తేలి, తిరిగి తిరిగి, ఒక మూలకి చేరి గుంపుగా కూర్చున్నాయి. మధ్యాహ్నానికి కాకులు వచ్చి స్నానాలు చేసి, పోతూ పోతూ మూలనున్న ధనియాలు ముక్కున కరుచుకుపోయాయి. మావగారు మట్టి సర్దుకోవాలి కదా అన్నారు.

చాలా రోజులు ఏమీ రాలేదు. తరవాత ఒక ఉదయం మడి అంచున పచ్చగా సూదుల్లా మొనలు లేచాయి. మావగారు ఆ రోజు కాఫీ తాగటం మరిచిపోయారు. చెంబుతో నీళ్ళు తెచ్చి, పిల్లలకి పాలు పట్టినట్టు, ఒక్కొక్క మొనకీ పోశారు. నేను దగ్గరికి వెళ్ళి చూశాను. కొత్తిమీర ఎలా మొలుస్తుందో నాకు తెలియదు గాని, ఇలా మాత్రం మొలవదని అనుమానం వచ్చింది. అత్తగారి కేసి చూశాను. ఆవిడ కళ్ళతోనే ఊరుకోమంది. తరవాత వంటింట్లో అడిగితే, తుంగ అని నాకు తెల్దేటి, ఆయన పెరట్లో ఉన్నారు కదా, ఉండనీ అంది. ఆ పూట పప్పు ఎంతో బాగా కుదిరింది.

అలా వారం పైన ఆ ఇంట్లో శాంతి నడిచింది. దాన్ని పక్కింటి పెద్దమ్మ పాడుచేసింది. ఆవిడ వయసులో మా అత్తగారి కంటే పెద్దది, గోడ అవతల ఒక రాయి మీద నిలబడి మా పెరట్లోకి చూడటం ఆవిడకి రోజూ ఉండే పనే. ఆ రోజు మావగారు నీళ్ళు పోస్తుంటే చాలాసేపు చూసి, ఆఖరికి నిజంగానే తెలియక అడిగినట్టు అడిగింది.

"ఏటి బాబూ, తుంగ ఏసినావు? ఎవులికైనా మందుకా?"

మావగారు చెంబు అక్కడే పెట్టి లోపలికి వచ్చేశారు. ఆయనకి కోపం వచ్చింది తుంగ మీద కాదు, పెద్దమ్మ మీద కూడా కాదు. జీవితమంతా పట్టాల మధ్య గడ్డి పరక కనిపిస్తే గ్యాంగుని నిలదీసిన మనిషి తాను. ఆ గడ్డికే చెంబుతో నీళ్ళు పోసి పెంచారు. ఆ సాయంత్రం వీధిలోకి కూడా రాలేదు.

కాని ఆయన మొండి మనిషి. మర్నాటి నుంచి ఆ దిమ్మిస కొట్టిన మళ్ళని తానే గునపంతో తవ్వారు. కొట్టడానికి ముగ్గురికి ఒక పూట పట్టింది గాని, దాన్ని విప్పటానికి ఆయనొక్కడికీ చాలా రోజులు పట్టింది. చేతులు బొబ్బలెక్కాయి. ఈసారి గత్తం మట్టిలో కలిపారు. గడ్డలు చిదిపారు. అత్తగారు ధనియాలు నలిపి బద్దలు చేసి ఇస్తే మాట్లాడకుండా తీసుకున్నారు. చేత్తో మీద మీద చల్లి, వేళ్ళతో కలిపి, మట్టి చెదరకుండా చేట అడ్డుపెట్టి నీళ్ళు చిలకరించారు. ఈసారి నిజంగానే కొత్తిమీర వచ్చింది. ముందు సన్నటి రెండాకులు, తరవాత అంచులు చీలిన ఆకు. ముట్టుకుంటే వేళ్ళకి వాసన అంటింది. దానితోపాటు తుంగ వచ్చింది, గరిక వచ్చింది, గలిజేరు వచ్చింది, పేర్లు తెలియనివి ఇంకా వచ్చాయి. వానాకాలం కదా, నేల దేన్నీ కాదనలేదు.

కలుపు తియ్యాలండీ అని అత్తగారు చెప్పిన రోజే ఆవిడా నేనూ మధ్యాహ్నం ఆటకి సినిమాకి వెళ్ళాం. తిరిగొచ్చేసరికి మావగారు స్నానం చేసి, తెల్ల పంచె కట్టుకుని, అరుగు మీద కూర్చుని ఉన్నారు. లైన్ క్లియర్ అన్నారు. పెరట్లోకి వెళ్ళి చూశాం. నాలుగు మళ్ళూ అద్దంలా ఉన్నాయి. కలుపు లేదు. కొత్తిమీరా లేదు. ఇన్నేళ్ళు లైను మీద పనిచేసిన మనిషికి పచ్చగా కనిపించిందల్లా పీకెయ్యటం చేతులకి వచ్చిన అలవాటు. ఆ చేతులు వాటి పని అవి చేసేశాయి. మొక్కలన్నీ గోడ పక్కన పద్ధతిగా పోగుపెట్టి ఉన్నాయి. ఆ పోగులోంచి కొత్తిమీర వాసన వస్తోంది.

అత్తగారు నూతి గట్టు మీద కూర్చుంది. కాసేపటికి మావగారు వచ్చి వెనకాల నిలబడ్డారు.

"కలుపు మిగిలిపోతే రేపు పీక్కోవచ్చు" అంది ఆవిడ, ఆయన కేసి చూడకుండా. "పీకేసింది మళ్ళీ పెట్టలేం కదండీ."

ఆ రాత్రి భోజనంలో ఆయన మజ్జిగ దాకా రాలేదు. తరవాత కొన్నాళ్ళు పెరటి వైపే పోలేదు. అంటే ఏమిటి, మళ్ళీ వంటింట్లోకి వచ్చారు. ఈసారి ప్రశ్నలు లేవు. గుమ్మం దగ్గర పీట వేసుకుని పొయ్యి కేసి చూస్తూ కూర్చునేవారు. దానికంటే ప్రశ్నలే నయం అనిపించింది. అత్తగారు నాలుగు రోజులు ఓర్చుకుని, అయిదో రోజు ఆయన ముందు కొత్త ధనియాల పొట్లం పెట్టింది.

తరవాత జరిగింది మరీ విచిత్రం. ఒకసారి చెయ్యి కాలిన మనిషి గనక, ఏ మొక్క ఏదో తేలేదాకా దేన్నీ ముట్టుకోకూడదని మావగారు నిర్ణయించారు. ఈ నిర్ణయానికి ఊళ్ళో ఎంత మద్దతు దొరికిందో చెప్పలేను. వెనక వీధిలో మిషన్ స్కూల్లో పనిచేసి రిటైరైన మాస్టారు ఒకాయన ఉండేవారు, మావగారికి సాయంకాలపు నడకలో స్నేహితుడు. పైరు ఏదో కలుపు ఏదో స్పష్టంగా తేలేదాకా రెంటినీ ఎదగనివ్వమని చర్చిలో కూడా చెబుతారండీ అన్నారు ఆయన. పెద్దమ్మ గోడ మీదనుంచి, గరిక పీకకు బాబూ, చవితి వస్తాది, ఉత్తరేణి కూడా ఉంచు అంది. మా ఆయనకి గలిజేరు పప్పు ఇష్టం. అది ఉండనీ నాన్నా అన్నారు. ఒక మూల గుంటగలగర లేచింది. దాని రసం నూనెలో కాచి రాసుకుంటే జుట్టు రాలదని విన్నాను. ఆ రోజుల్లో నాకు జుట్టు బాగా రాలుతోంది. నేను కూడా వెళ్ళి, అదొక్కటీ ఉంచండి మావయ్యా అని అడిగాను. ఆఖరికి తుంగ కూడా మిగిలిపోయింది, దాని గడ్డలు జ్వరానికి మంచివని మాస్టారే చెప్పారు గనక. ప్రతి కలుపుకీ ఒక వకీలు దొరికాడు. కొత్తిమీర తరఫున మాట్లాడేవాళ్ళు ఎవరూ లేకపోయారు. అది పాపం ఆ గుంపులో నీడకి పాలిపోయి, సాగి, పడిపోయింది.

చవితి నాడు మా పెరడు వీధి మొత్తానికి బజారైంది. పత్రికి వచ్చినవాళ్ళందరికీ మావగారే స్వయంగా తెంపి ఇచ్చారు. ఎంత బాగా పెంచారండీ గరిక అని ఒకావిడ మెచ్చుకుంది. ఆయన కాదనలేదు. ఆ రోజంతా ఆయన చాలా ఉత్సాహంగా ఉన్నారు.

పండగ మర్నాడు అత్తగారు చీర కుచ్చెళ్ళు దోపుకుని, పీటా, కలుపు తీసే బొరిగా పట్టుకుని పెరట్లోకి దిగింది. ఇక ఎవరి మాటా వినేది లేదంది. ఒక చివరనుంచి మొదలుపెట్టింది. మావగారు కాసేపు నిలబడి చూసి, ఇంకో పీట తెచ్చుకుని ఎదురుగా కూర్చున్నారు. అత్తగారికి కూడా గొప్పగా ఏమీ రాదు. ఆవిడ తుంగని పైన తుంచేసి ముందుకి పోయేది. మూడో నాటికి అది రెట్టింపై లేచేది. మావగారు దాని వేరు పట్టుకుని తవ్వుకుంటూ పోయారు. ఒక గడ్డ నుంచి నల్లటి దారం, ఆ దారం చివర ఇంకో గడ్డ, అక్కడినుంచి ఇంకోటి. ఆయనకి బ్రహ్మానందమైంది.

"ఇటు సూడు, ఇది జంక్షను" అన్నారు. "ఇక్కణ్ణించి మూడు బ్రాంచీలు పోతన్నాయి."

"బ్రాంచీలు లెక్కెట్టకండి. తియ్యండి" అంది అత్తగారు.

ఆ గడ్డలన్నీ గునపంతో తవ్వి, జల్లెడ పట్టి ఏరారు. అంత ఓపిక రైల్వే వాళ్ళకే ఉంటుంది. కొత్తిమీరకీ కలుపుకీ తేడా చూడటం మాత్రం ఆవిడ వంతు. మళ్ళీ ధనియాలు చల్లాక, ఆయన చెయ్యి ఏ మొక్క దగ్గరికి పోయినా ఆవిడ మణికట్టు పట్టుకుని ఆపేది. కొత్త కోడలిని గనక అది చూడనట్టు ఉండటం నా పని. వంటింటి కిటికీ దగ్గర కూరలు తరుగుతూ ఉండేదాన్ని, మాటలు వినబడేవి.

చిన్నతనంలో పెద్దవాడికి తట్టమ్మ పోసినప్పుడు జ్వరం ఎన్నాళ్ళు దిగలేదో ఆవిడ చెప్పేది. అప్పుడు మీరెక్కడున్నారు అని అడిగేది, నిష్ఠూరంగా కాదు, జ్ఞాపకం రాక. ఆయన ఆలోచించి, అప్పట్లో ఇంకో లైను పనిమీద కొండల్లో గుడారంలో ఉన్నానని, సొరంగం తవ్వుతున్నచోట వాన పట్టుకుని కబురు కూడా అందలేదని చెప్పేవారు. రాత్రిళ్ళు ఎలుగుబంటి తిరిగేదట. అన్నం ఎవరు వండేవారని ఆవిడ అడిగింది. నేనే అన్నారాయన. ఆవిడ బొరిగ ఆపి, ఉప్పు ఎప్పుడేసీవోరు అంది. ముందే అన్నారు. ఆ మాటకి ఇద్దరూ నవ్వుకోవటం వినిపించింది. పెళ్ళైన నాటినుంచీ రైల్వే ఆయన్ని ఎక్కడెక్కడికో పంపుతూనే ఉంది. వాళ్ళిద్దరూ అలా ఎదురెదురుగా కూర్చుని ఇన్ని మాటలు చెప్పుకోవటం అంతకు ముందు జరిగి ఉండదని నాకు తరవాతెప్పుడో తట్టింది.

కార్తీకంలో చలి తగలగానే కొత్తిమీర గుబురుగా లేచింది. మొదటి కట్ట కోసి అత్తగారు పచ్చడి నూరింది. ఉప్పెక్కువైంది. మావగారు రెండుసార్లు వేయించుకున్నారు. పెద్దమ్మకి గోడ మీదనుంచి ఒక కట్ట అందిస్తే, వాసన చూసి, దుకాణంలో కొన్నారేటి అని అడిగింది. ఆయన ఆవిణ్ణి లోపలికి పిలిచి మడి చూపించేదాకా ఊరుకోలేదు. ఆవిడ సంతోషపడి తన పెరట్లోంచి గుప్పెడు పుదీనా కొమ్మలు తెచ్చి ఇచ్చింది.

పుదీనా కొత్తిమీరలాంటిది కాదు. పెట్టినచోట ఉండదు. మడిలో నాటిన కొద్ది కాలానికే గట్టు కిందనుంచి దూరి, బాట మీదికి పాకి, నూతి నీళ్ళు పారే కాలవ వెంట పోతూ ఉంది. మడిలో ఉన్నది సన్నగా ఉంటే, కాలవలో ఉన్నది రూపాయి బిళ్ళంత ఆకులతో నిగనిగలాడుతోంది. మావగారికి అది మింగుడుపడలేదు. హద్దు దాటినది ఏదైనా పీకెయ్యాల్సిందే అని కూర్చున్నారు.

"అది కలుపు కాదండీ, పుదీనా" అంది అత్తగారు.

"మడి దాటి వస్తే కలుపే" అన్నారు మావగారు.

ఈ తగువు ఆ ఏడాది తేలలేదు, ఆ తరవాత కూడా తేలలేదు. ఆయన బాట వెంట ఒక వైపు నుంచి పీక్కుంటూ వచ్చేవారు. ఆవిడ గిన్నె పట్టుకుని రెండో వైపు నుంచి, ఆయన చెయ్యి పడకముందే, లేత కొసలు తుంచుకుంటూ వచ్చేది. మధ్యలో ఎక్కడో ఇద్దరూ కలుసుకునేవారు. అప్పుడు ఆయన గిన్నెలోకి తొంగిచూసి, పచ్చడికి ఇంకొంచెం కావాలేమో అని అడిగేవారు.